పేరుకి ఒంటి రంగు

నేను ఒక రంగు పెన్సిల్‌ని. బోలెడంత తెలుపులో కాస్త గులాబీ, రవ్వంత నారింజ కలిపితే ఏ రంగు వస్తుందో అదే నా రంగు. నన్ను కొన్న రోజు నాకు బాగా గుర్తుంది. 2019 జూన్ 12, బుధవారం, బడులు తెరిచిన రోజు. ఆ ఉదయం ఆ ఇంట్లో దిబ్బరొట్టె, చెరుకు పానకం తిన్నారు. ఇది నాకెలా తెలుసంటారేమో. నన్ను మొట్టమొదట డబ్బాలోంచి పైకి తీసిన వేళ్ళు ఎంత కడుక్కున్నా ఇంకా కాస్త జిగురుగానే ఉన్నాయి. ఆ తీపి నా వార్నిష్‌కి అంటుకుంది. ఆ వేళ్ళు అనంతలక్ష్మి గారివి.

అంతకు ముందు నాకు చెప్పుకోదగ్గ చరిత్ర లేదు. రంగుపొడి, సుద్ద, మైనం కలిపి ముద్ద చేశారు. సన్నటి కడ్డీగా సాగదీశారు. గాడి తీసిన రెండు చెక్కల మధ్య పడుకోబెట్టి జిగురుతో మూసేశారు. మనుషులు పుట్టాక పేరు పెట్టించుకుంటారు. నాకు మాత్రం అడక్కుండానే పేరు పెట్టేశారు. నా మీద ఉన్నది ఒక అంకె మాత్రమే. అయినా ఈ దేశంలో బడికెళ్ళే ప్రతి పిల్లకీ నన్ను ఏమని పిలవాలో తెలుసు. స్కిన్ కలర్.

సామర్లకోట స్టేషన్ రోడ్డులో తాతారావు పుస్తకాల కొట్టు ఉంది. ఆ ఉదయం అక్కడికి ముగ్గురు వచ్చారు. ఒకరు గున్నేశ్వరరావు మాస్టారు, ఆ మధ్యనే రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు. రెండో ఆవిడ ఆయన భార్య అనంతలక్ష్మి గారు. వాళ్ళిద్దరి చేతులూ పట్టుకుని ఊగుతూ మనవరాలు చైత్ర, అయిదేళ్ళది.

ఆవిడ డబ్బా మూత తీసి, అన్నిటినీ వదిలేసి నన్నే పైకి లాగింది.

"ఇదేం రంగయ్యా తాతారావూ?"

"స్కిన్ కలరండి అది. మనుసుల ఒంటికి వేత్తారండి."

ఆవిడ నన్ను తన ముంజేతి మీద ఆనించి చూసుకుంది. ఆవిడది బాగా ముదురు చామనఛాయ. ఆ చేతి మీద నేను సున్నపు గీతలా కనిపించాను.

"ఏ మనుషులకయ్యా?"

"ఏమోనండి. కంపెనీవోళ్ళు అలా అంటారండి. నా కొట్టుకొచ్చినోళ్ళలో ఆ రంగు మనిసిని నేనైతే చూళ్ళేదండి. కానీ అన్నిటికంటే ముందు అరిగిపోయేది అదేనండి."

ఆవిడ నవ్వి నన్ను గుప్పిట్లో పెట్టుకుంది. బేరం అయ్యేదాకా నేను ఆ గుప్పిట్లోనే ఉన్నాను. ఆ అరచేతి మెత్తదనం తెలిసింది తప్ప, చీకట్లో దాని రంగు నాకు తెలియలేదు.

రంగుల డబ్బాతో పాటు ఆవిడ దళసరి కాగితం ఉన్న స్కెచ్ బుక్కులు రెండు తీయించింది.

"రెండెందుకు? ఇది ఒక్కతేగా?" అన్నారు మాస్టారు.

"రెండోది మీకండి. కాలేజీలో రంగు సుద్దలతో ఇంద్రధనస్సు వేసేవారని పిల్లలు చెప్పుకునేవారుగా. ఇప్పుడు తీరికే కదా, బొమ్మలేసుకోండి. పొద్దస్తమానం పేపరు చదివి నాకు వార్తలు చెప్పక్కర్లేదు."

ఇంటికి వెళ్ళగానే ఆవిడ పసుపు తడిపింది. కొత్త పుస్తకానికి నాలుగు మూలలా పసుపు పెట్టనిదే ఆ ఇంట్లో ఎవరూ వాడరు. చైత్ర పలక అయ్యాక, ఒక్కో పుస్తకమూ అయ్యాక, స్కెచ్ బుక్కులకీ బొటనవేలు అద్దుతూ పోయింది. అట్టకి నాలుగు మూలలా, మొదటి కాగితానికీ చివరి కాగితానికీ ఒక్కో మూల.

"బొమ్మల పుస్తకానికి పసుపేంటి అనంతం? తడి పీల్చేస్తుందది."

"ఇది పుస్తకం కాదేంటండీ?"

దళసరి కాగితం నిజంగానే పసుపుని పీల్చుకుంది. వేలిముద్రలో గీతలతో సహా. మాస్టారు తన పుస్తకాన్ని బీరువాలో పెట్టారు, రేపో ఎల్లుండో మొదలుపెడదామని. మనుషుల రేపు ఎంత పొడుగో నాకు అప్పుడు తెలియదు.

నేను చైత్రతో బడికి వెళ్ళాను. తాతారావు చెప్పింది నిజమే. అమ్మని వేసినా, టీచరుని వేసినా, ఆటో నడిపే అంకుల్ని వేసినా పిల్లలకి నేనే కావాలి. నాకోసం కొట్టుకునేవారు. ఒక కుర్రాడు నన్ను అరువు తీసుకుని, ఆలోచన వచ్చినప్పుడల్లా కొరికి, పంటిగాట్లతో తిరిగిచ్చాడు. ఆ గది నిండా రకరకాల నలుపులు, చామనఛాయలు, గోధుమవన్నెలు. కాగితాల మీద మాత్రం అందరూ నాలాగే. నా పక్కనుండే బ్రౌన్ పెన్సిల్‌ని చెట్ల మొదళ్ళకీ, కొండలకీ, కోతికీ తప్ప ఎవరూ వాడలేదు. ఏడాది తిరిగేసరికి నేను సగమయ్యాను. బ్రౌన్ నిటారుగా, కొత్తగా, పనిలేనివాడి చొక్కాలా నలగకుండా ఉంది.

ఆ మరుసటి ఏడు, ఊళ్ళన్నీ తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో, అనంతలక్ష్మి గారు నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. డబ్బా లోపల ఉన్న నాకు తెలిసిందల్లా ఆ ఇంట్లో గొంతులు తగ్గిపోవడమే. చైత్ర స్కెచ్ పెన్నులకి మారింది. మేము గూట్లో దుమ్ము పట్టి ఉండిపోయాం.

ఆవిడ ఫోటో కావలసి వచ్చింది. వెతికితే తేలిందేమంటే, ఆవిడ ఎప్పుడూ ఫోటోలకి దొరికేది కాదు. "నల్లదాన్ని, నాకెందుకర్రా" అంటూ పక్కకి తప్పుకునేది. పెళ్ళి ఫోటో నలుపు తెలుపుల్లో ఉంది. కూతురు వీరవేణి ఫోనులో రెండో మూడో ఉన్నాయి గానీ, ఆ ఫోను మొహాల్ని తనంతట తనే తెల్లగా చేసే రకం. వాటిలో ఒకటి పట్టుకెళ్ళి వీరవేణి స్టూడియో అతనితో, "అమ్మకి ఫోటోలో తెల్లగా పడాలని ఉండేదండి. కాస్త చూసి చెయ్యండి" అని చెప్పింది. తల్లి బతికుండగా తీర్చలేని కోరికల్లో అదొక్కటైనా తీరుద్దామనుకుంది. స్టూడియో అతను మనసుపెట్టి పనిచేశాడు. ఫ్రేములో ఆవిడ అచ్చం నా రంగులో నవ్వుతోంది.

మూడేళ్ళు గడిచాయి. ఒక ఉదయం చైత్ర ఆ ఫోటో కింద అద్దంలో చూసుకుంటూ జడకి రిబ్బను కట్టుకుంటోంది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

"తాతయ్యా, అమ్మమ్మ ఇంత తెల్లగా ఉండేదా?"

"లేదమ్మా. నీలాగే ఉండేది. నువ్వు మొత్తం అమ్మమ్మ పోలికే."

"ఊరికే అంటావు. నేను ఏడవకుండా అంటావు."

"నిజమేనే."

"మరి ఫోటో?"

ఆ పిల్ల రిబ్బను ముడి గట్టిగా లాగి, మెడ మీద పౌడరు ఇంకాస్త అద్దుకుని బడికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు కూతురితో అన్న మాట గూట్లోకి వినిపించింది. "కళ్ళు మూసుకుంటే ఫోటోలో మనిషే వస్తోందమ్మా. మీ అమ్మ రావట్లేదు. రోజూ చూసి చూసి నాకూ అదే అలవాటైపోతోంది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ పిల్లకి చెప్పడానికి నా దగ్గరా ఏమీ ఉండదు."

మర్నాడు వీరవేణి మా డబ్బా దుమ్ము దులిపి తండ్రి బల్ల మీద పెట్టింది.

మాస్టారు బీరువాలోంచి తన స్కెచ్ బుక్ తీశారు. మొదటి కాగితం మూలన పసుపు వేలిముద్ర చూసి, ఆ కాగితాన్ని జాగ్రత్తగా తిప్పేశారు. "ఇది అనంతానికి" అని తనలో తను అనుకున్నారు. తర్వాత పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టారు. లెక్కలు, తప్పులు, పిచ్చిగీతలు అన్నీ చివరి పేజీల్లో రఫ్‌గా చేసుకోవడం ఈ దేశంలో చదువుకున్న వాళ్ళందరి అలవాటు. ఆయనా ముప్పయ్యేళ్ళు పిల్లలకి అదే చెప్పారు.

రంగుల గురించి ఆయనకి తెలిసినంత మాకే తెలియదు. వెలుతురు ఎలా విరుగుతుంది, ఏ రంగు అల ఎంత పొడవు, అన్నీ చెప్పగలరు. కానీ ఒక వంకాయ వేయబోతే అది బొగ్గుముక్కలా వచ్చింది. మమ్మల్ని సుద్దముక్కల్లా పట్టుకుని బోర్డు మీద రాసినట్టు నొక్కేవారు. ముక్కులు విరిగిపోయేవి. చైత్ర హోంవర్కు మధ్యలో తల ఎత్తి చూసేది.

"అంత గట్టిగా నొక్కకు తాతయ్యా. నొక్కితే కాగితం నున్నగా అయిపోద్ది. తర్వాత ఇంకో రంగు ఎక్కదు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేను బోల్డు పాడుచేశాగా."

ఆ మాట మాస్టారికి నచ్చింది. ఆ తర్వాత నుంచి మమ్మల్ని మొన సన్నగా చెక్కి, చేతి బరువు మాత్రం ఆనేలా పట్టుకుని, గీత పక్కన గీత వేయడం మొదలుపెట్టారు. ఒక పొర వేసి, దాని మీద ఇంకో పొర. వంకాయ మెల్లగా వంకాయ అయింది. నీలం మీద ఎరుపు, దాని మీద మళ్ళీ నీలం, మెరుపున్న చోట ఉత్త కాగితం. ఖాళీగా వదిలేయడం కూడా గీయడమేనని తెలుసుకోవడానికి ఆయనకి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది.

చెయ్యి కుదిరిందనుకున్నాక మొహం మొదలుపెట్టారు. ఒంటి రంగు అంటే నేనే కదా అని నన్నే తీసుకున్నారు. నాకు గర్వంగానే అనిపించింది. బొమ్మ పూర్తయ్యాక చైత్ర వచ్చి చూసి, "ఇది స్టూడియో అమ్మమ్మేగా" అంది. మాస్టారు నా మీద నలుపు పూశారు. నా మైనం మీద నలుపు జారిపోయి, మొహం బూడిద పూసుకున్నట్టు తయారైంది. ఇంకో కాగితం తీసి బ్రౌన్ ఒక్కదాన్నే వేశారు. ఈసారి మొహంలో బూడిద లేదు గానీ ప్రాణమూ లేదు.

"చెక్కబొమ్మలా ఉంది" అంది చైత్ర. కాసేపాగి, జాలిపడి, "చెవులు బావున్నాయి" అని కూడా అంది.

ఆ రాత్రి మాస్టారు మమ్మల్ని డబ్బాలో పెట్టేశారు. వారాలు గడిచినా తీయలేదు. చైత్ర అడగడం మానేసింది. పౌడరు డబ్బా మాత్రం తొందరగా ఖాళీ అవుతోందని వీరవేణి ఒకసారి విసుక్కోవడం విన్నాను.

వానలు పట్టిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చేయడానికి ఏమీ లేక మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తీశారు. చివరి కాగితం మీద రంగులు తేల్చుకోవడం ఆయన అలవాటు. గీయబోయే ముందు ప్రతి పెన్సిల్నీ అక్కడ రెండు గీతలు గీసి చూస్తారు. ఆ కాగితం అప్పటికే కిక్కిరిసిపోయింది. ఒక్క మూల మాత్రం ఖాళీ. అక్కడ పసుపు వేలిముద్ర ఉంది కాబట్టి ఆయన ఎప్పుడూ దాని జోలికి పోలేదు. ఆ రోజు మబ్బు వెలుతుర్లో చెయ్యి జారి, బ్రౌన్ పెన్సిల్ గీత ఆ ముద్ర మీదుగా పోయింది.

ఆయన గబుక్కున చెయ్యి తీసేశారు. ఆవిడ మిగిల్చి వెళ్ళిన వేలిముద్రని పాడుచేశానన్న బాధ ఆయన ఊపిరిలో వినిపించింది. రబ్బరు తీసుకుని, ఎక్కడ పడిందో చూద్దామని పుస్తకాన్ని కిటికీ వైపు ఎత్తారు. రబ్బరు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

తెల్ల కాగితం మీద చెక్కలా ఉన్న బ్రౌన్, పసుపు మీదికి రాగానే చర్మమైంది. వెచ్చగా, కింది నుంచి దీపం పెట్టినట్టు.

"అనంతం" అన్నారు మాస్టారు, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఎప్పుడూ చూసిందే కదా ఆయన. స్నానానికి ముందు ఆవిడ పసుపు రాసుకునేది. బుగ్గల మీద, చెవుల వెనక, మెడ మడతల్లో ఎంత కడిగినా కొంచెం మిగిలేది. దిండు గలీబులకీ, ఆయన తువ్వాలుకీ అంటుకునేది. "నా తువ్వాలు వదిలెయ్యవే" అని ఎన్నిసార్లు విసుక్కున్నారో. ఆ పసుపు ఆవిడ రంగు పైన లేదు, కిందే ఉంది. ఆయన పైనుంచి వెతుకుతూ వచ్చారు.

ఆ మర్నాడే మొదటి కాగితం తీశారు. ముందు పసుపు రంగుని ఉందో లేదో తెలియనంత పల్చగా మొహమంతా పరిచారు. దాని మీద నారింజని ఊరికే అలా ఆనించారు. తర్వాత బ్రౌన్, పొర మీద పొర. గడ్డం కింద నీడ దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, వంకాయకి వాడిన నీలం తీసుకున్నారు. అది అక్కడ కుదిరినట్టు ఇంకెక్కడా కుదరలేదు. రోజూ కిటికీ వెలుతురు ఉన్నంతసేపే పని. బ్రౌన్ పెన్సిల్ చూస్తుండగానే అరిగిపోతోంది. ఇన్నేళ్ళు కొండలకీ కోతికీ పరిమితమైన మనిషికి ఇప్పుడు ఊపిరాడనంత పని.

నన్ను మాత్రం డబ్బాలోంచి తీసి బల్ల అంచున విడిగా పెట్టారు, పొరపాటున చేతికి తగలకుండా. నాకు కష్టం కలగలేదంటే అబద్ధం. కానీ ఆ బల్ల అంచు నుంచి ఆవిడ మొహం రోజురోజుకీ కాగితంలోంచి పైకి రావడం చూశాను. ఎవరి ఒంటి మీదా ఎప్పుడూ లేని రంగుకి ఒంటి రంగని పేరు పెట్టుకుని ఇన్నాళ్ళు తిరిగినదాన్ని. కాస్త పక్కన కూర్చోవడం నాకూ మంచిదే అనిపించింది.

ఆ ఆదివారం బొమ్మ దాదాపు పూర్తయింది. బొమ్మలో ఆవిడ ముందుకి చెయ్యి చాచి దిబ్బరొట్టె ముక్క అందిస్తోంది. పొయ్యి మీద నుంచి దించగానే మాడిన అంచు ఎవరికిష్టమో వాళ్ళకి అలాగే అందించేదట. మొహం అయింది. రొట్టె అయింది. చాచిన అరచెయ్యి మాత్రం ఇంకా తెల్లగా ఉంది. మాస్టారు బ్రౌన్ పెన్సిల్ ముక్కని చెక్కి, అరచేతి మీద ఆనించబోతున్నారు.

చైత్ర వెనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఆయన చూసుకోలేదు. చాలాసేపు చూసింది. తర్వాత లంగా మీద చెయ్యి తుడుచుకుని, తన ముంజేతిని బొమ్మలోని బుగ్గ పక్కన కాగితం మీద ఆనించింది. అటూ ఇటూ తిప్పి చూసింది. కొట్టులో ఆ రోజు ఆవిడ నన్ను ముంజేతి మీద పెట్టుకున్నట్టే. కాకపోతే ఈసారి రెండూ కలిశాయి. ఎక్కడ కాగితం అయిపోయి చెయ్యి మొదలవుతోందో కాసేపు నాకూ తెలియలేదు.

మాస్టారి చేతిలో పెన్సిల్ ఇంకా గాల్లోనే ఉంది.

"నేనే" అంది చైత్ర, మెల్లగా. తర్వాత వెంటనే, "ఆగు తాతయ్యా. అరచేతికి అది వెయ్యకు" అంది.

"ఎందుకని?"

"అరచెయ్యి ఆ రంగు ఉండదుగా." తన చేతిని వెల్లకిలా తిప్పి ఆయన కళ్ళజోడు ముందు పెట్టింది. ముంజేయి ఎంత ముదురో, ఆ అరచెయ్యి అంత లేత. గీతల్లో మాత్రమే బ్రౌన్, మిగతా అంతా లేత గులాబీ. "అమ్మమ్మదీ ఇలాగే ఉండి ఉంటది. నేను మొత్తం అమ్మమ్మ పోలికన్నావుగా."

ఆ మాట ఇప్పుడు ఆ పిల్లే అంటోంది, ఏదో అందరికీ తెలిసిన సంగతిలా. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

చైత్ర బల్ల అంచు నుంచి నన్ను తీసింది. పంటిగాట్లు చూసి గుర్తుపట్టి నవ్వింది. అరచేతిలో అడ్డంగా పెట్టుకుంది. నేను కనిపించకుండా పోయాను. పుట్టిన దగ్గర్నుంచి మొదటిసారి నేను ఒక మనిషి ఒంటి మీద కలిసిపోయాను. అప్పుడు తెలిసింది, కొట్టులో ఆ బుధవారం బేరం అయ్యేదాకా చీకట్లో నేను కూర్చున్నది ఎక్కడో. నా సొంత రంగులోనే కూర్చుని, తెలుసుకోలేకపోయాను.

"ఇదిగో, ఇక్కడ స్కిన్ కలరు" అంది చైత్ర, నన్ను తాతయ్య చేతిలో పెట్టి.

ఆ అరచెయ్యి నింపడానికి నాలో మిగిలినదాంట్లో అయిదో వంతు అయిపోయింది. ఇప్పుడు నేనూ బ్రౌనూ ఒకే పొడుగు.

చీకటి పడ్డాక వీరవేణి వంటింటి పని ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి బొమ్మ చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుంది.

"ముక్కు కొంచెం పెద్దదైందండి నాన్నగారూ."

"మీ అమ్మ ముక్కు అంతేనే."

"కాదండి. అది మీ ముక్కు."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ తర్వాత వీరవేణి గోడ వైపు చూసి, గొంతు తగ్గించి, "ఆ ఫోటో తీసేద్దామాండీ? నేనే చెప్పి చేయించాను" అంది.

"ఉండనీ అమ్మా" అన్నారు మాస్టారు. "అలా పడాలని తనకి కోరిక. కోరిక కూడా మీ అమ్మదే కదా. అది గోడ మీద ఉంటుంది. ఇది మనం తీసి చూసుకుందాం."

ఆయన పుస్తకాన్ని అలవాటుగా కిటికీ గట్టు మీద పెట్టబోయారు. వీరవేణి అందుకుంది.

"అక్కడొద్దండి. పసుపు ఎండకి నిలవదు. చీర మీద మరకని ఎండలో ఆరేస్తే పోద్దని అమ్మే చెప్పేది."

"అవును. చెప్పేది" అన్నారు ఆయన. మూలన ఉన్న వేలిముద్రని చూపుడు వేలి చివరతో తాకీ తాకనట్టు తాకారు. ఆ తర్వాత నన్ను తీసి, పుస్తకం అంచున ఉన్న స్పైరల్ తీగ చుట్టల్లోకి దూర్చారు.

అప్పట్నుంచి నా చోటు ఇదే. ఇంక నాతో నాలుగు అరచేతులు గీయొచ్చు, అయిదోది అనుమానమే. తొందరేమీ లేదు. ఎండ పొడ లేని రోజుల్లో చైత్ర ఈ పుస్తకం తీయించుకుని, మొదటి కాగితం పక్కన చెయ్యి పెట్టి చూసుకుంటుంది. పౌడరు డబ్బా ఇప్పుడు నెలలకి నెలలు వస్తోందని వీరవేణి ఎవరితోనో అంటుంటే విన్నాను.

బొమ్మ పూర్తయిన ఆ రాత్రి వీరవేణి మమ్మల్ని బీరువాలో తల్లి చీరల మధ్య, మడతలు చెదరకుండా పెట్టింది. లోపల కర్పూరం వాసన, దాని కింద ఎక్కడో పసుపు వాసన. పిల్ల అప్పటికే నిద్రపోయింది. మాస్టారు మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. వీరవేణి ఒక చేత్తో తాళంచెవి ఊగకుండా పట్టుకుని, రెండో చేత్తో బీరువా తలుపు చప్పుడు కాకుండా మూసింది.